గడప చెక్క

అగ్గిపుల్ల తలదాకా దూరింది.

జగన్నాథరావు దాన్ని కిటికీ రెక్క మూలలోంచి లాగి, వెలుతురుకేసి పట్టుకుని చూసి, పక్క మూలలో దూర్చాడు. అక్కడా దూరింది. పుల్లని అలాగే వదిలేసి చేతులు దులుపుకున్నాడు. ఎర్ర అద్దం అంచున ఆ పుల్ల ఎవరో కావాలని గుచ్చినట్టు నిలబడి ఉంది.

"దీన్ని మూలంటారంట్రా దేవానందం? చీమలు సంసారం పెట్టుకోవచ్చు ఇందులో."

తాపీవాళ్ళు నవ్వారు. యజమాని హాస్యమాడినప్పుడు నవ్వడం కూడా కూలిపనిలో భాగమే. దేవానందం మాత్రం నవ్వలేదు. మెడలో తువ్వాలు తీసి, తడి లేని చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

తిరువూరులో డాబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులవి. సిమెంటుకి పర్మిట్టు కావాలి. ఆ పర్మిట్టు కోసం జగన్నాథరావు చెప్పులరిగేలా తిరిగి, తాతలనాటి పెంకుటిల్లు విప్పించి, అదే చోట డాబా లేపాడు. ముందువైపు కిటికీలన్నిటికీ రంగుటద్దాలు పెట్టించాలని ఆయన ముచ్చట. అద్దం చుట్టూ సన్న బద్దలు బిగించాలి. ప్రతి బద్దా చివర ఐమూలగా కోసి, మూల మూలకి అతికించాలి. ఆ అతుకు దగ్గరే దేవానందం దొరికిపోయాడు.

"శ్రావణంలో గృహప్రవేశం. బెజవాడ నించి మా వియ్యాలవారొస్తారు. ఈలోగా సరిచేస్తావా, లేక అక్కణ్ణించే పనివాళ్ళని పిలిపించుకోనా? ముందే అన్నారు నలుగురూ, పెట్టెలు చేసేవాడికి కిటికీలేంటని."

పెట్టెలంటే శవప్పెట్టెలు. ఈ చుట్టుపట్ల, ఇటు గంపలగూడెం దాకా, ఏ క్రైస్తవుల ఇంట్లో మనిషి పోయినా కబురు దేవానందానికే వస్తుంది. మిషను వాళ్ళ పనిబడిలో అతను నేర్చుకున్నది బీరువాలూ, కుర్చీలూ, గాజు తలుపులూ. ఊరు అతనికిచ్చింది పెట్టెల పని, చర్చి బల్లలూ. తలుపులూ ద్వారబంధాలూ వడ్రంగి ఆచారులవి. చావుకి ముహూర్తం ఉండదు గనక ఆ పనికి మాత్రం ఎవరూ పోటీ రాలేదు. ఇన్నేళ్ళకి ఒక పెద్ద ఇంటివాళ్ళు, తమ ఇంటి ఆచారి భద్రాచారి ఒక్కడి వల్ల తెమలడం లేదని, కిటికీల పనికి దేవానందాన్ని పిలిచారు. ఇది చేజారిందంటే ఇక జన్మంతా పెట్టెలే. ఆ సంగతి అతనికీ తెలుసు, అగ్గిపుల్ల గుచ్చిన మనిషికీ తెలుసు.

"సరిచేస్తానండి," అన్నాడు దేవానందం. "ఒక బల్ల చేసుకోవాలి. అదుంటే సందు రాదు."

"నువ్వేం చేసుకుంటావో నాకెందుకు? పుల్ల దూరకూడదు."

* * *

ఆ సాయంత్రం ఇంటి పంచన ఉన్న తాటాకు పందిట్లో, ఉన్న చెక్కలన్నీ బయటికి లాగి గోడకి వరసగా ఆనించాడు. హన్నమ్మ చేటలో బియ్యంతో వచ్చి నిలబడింది.

"ఏంటయ్యా ఈ తిరనాళ్ళు?"

"షూటింగ్ బోర్డు చెయ్యాలే."

"షూటింగా? అయితే సినిమావాళ్ళు తిరువూరొస్తున్నారన్నమాట," అంది హన్నమ్మ. మొగుడి ముఖం చూసి నవ్వు సగంలో ఆపేసింది.

మిషను బడిలో రాయప్ప మాష్టారు దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాడు. తతిమ్మా పిల్లలంతా చిత్రిక బల్ల అనేవారు. పెద్ద విశేషమేమీ లేదు. అడుగున ఒక చెక్క, దాని మీద కొంచెం తక్కువ వెడల్పుది ఇంకో చెక్క. రెండిటికీ మధ్య ఒక మెట్టు. ఆ మెట్టులో చిత్రికని పక్కకి పడుకోబెట్టి తోస్తే, పై చెక్క మీద అడ్డుకట్టకి ఆనించి పట్టుకున్న బద్ద చివర వెంట్రుకవాసి చొప్పున తెగుతుంది. రంపం కోత ఎంత బాగా వచ్చినా రంపం కోతే. దాన్ని చేత్తో పట్టుకుని చిత్రిక పడితే చివర గుండ్రమవుతుంది. బల్ల మీదైతే చెయ్యి వణికినా బల్ల వణకదు.

అయితే బల్ల చదునుగా ఉండాలి, చదునుగానే ఉండిపోవాలి. "బల్ల అబద్ధమాడిందంటే దాని మీద చేసిన ప్రతి ముక్కా అబద్ధమే ఆడుద్దిరా," అనేవాడు రాయప్ప మాష్టారు. ఆయన దాన్ని ప్లైవుడ్డుతో చేయించేవాడు. తిరువూరులో ప్లైవుడ్డంటే పండా పలహారమా అని అడుగుతారు.

మొదట మామిడి పలక తీశాడు. పెట్టెలకి వాడేది; వెడల్పుంది, మెత్తగా తెగుతుంది. చీకటి పడేదాకా చిత్రిక పట్టి, మట్టంబద్ద ఆనించి, కింద వెలుతురు తొంగిచూడని దాకా నునుపు చేశాడు. రాత్రి ముసురు పట్టింది. పొద్దున లేచి చూస్తే పలక అప్పడంలా అంచులెత్తి కూర్చుంది. తుమ్మ మొద్దు కోసి చూశాడు. గట్టిదే గాని దాని పోగు ఒక దారిన పోదు. చిత్రిక వెళ్ళినంత దూరం వెళ్ళి ఎదురు తన్నింది. చర్చిలో విరిగిన బల్ల తాలూకు టేకు ముక్క ఉంది; పాతదే, బుద్ధిమంతురాలే, కాని మేకుల బొక్కలతో జల్లెడయింది. డిపోకి వెళ్ళి కొత్త టేకు వాసన చూసి వచ్చాడు. ఇంకా అడవి వాసనే. అది ఆరేసరికి జగన్నాథరావు మనవళ్ళ పెళ్ళిళ్ళవుతాయి.

కావలసింది కొత్త చెక్క కాదని అతనికి మొదటినించీ తెలుసు. ఎండల్నీ వానల్నీ చూడవలసినవన్నీ చూసేసి, ఇక దేనికీ ఉలకని పలకని చెక్క కావాలి. అలాంటి చెక్కలున్న కుప్ప ఊళ్ళో ఒక్కటే ఉంది. అది జగన్నాథరావు సావిడి పక్కన వానకి తడుస్తోంది.

* * *

డాబా పూర్తయ్యేదాకా జగన్నాథరావు కుటుంబం సావిడిలోనే కాపురం. దేవానందం వెళ్ళేసరికి ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని ట్రాన్సిస్టరు మరలు తిప్పుతున్నాడు. పక్కనే చాప మీద ఆయన తల్లి సుబ్బాయమ్మ, నెమలి ఊరి గుడికి పంపడానికి వత్తులు చేస్తోంది. దేవానందం అరుగు కింద, చూరునీళ్ళు పడే చోటికి ఇవతల నిలబడ్డాడు.

"బల్లకి పాత చెక్క కావాలండి. కొత్తది వంకరపోతోంది. మీ పాత ఇంటి కలపలో..."

"ఏరుకోరా," అన్నాడు జగన్నాథరావు తలెత్తకుండా.

"ఏదైనా తీసుకోవచ్చాండి?"

"ఏదైనా తీసుకో. మిగిలింది ఎటూ వంటచెరకే."

దేవానందం కుప్ప దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే తిరగేశాడు. వాసాలు తాటివి, పీచు. దూలం టేకే గాని లోపల చెదలు నగరం కట్టుకున్నాయి. తలుపు రెక్కలు పలచన. అన్నిటికీ అడుగున, గోడవారగా, బోర్లాపడి ఒక మొద్దు కనిపించింది. బొటనవేలి గోటితో గీశాడు. గోరు దిగలేదు. వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. అంచు వెంట కన్ను పెట్టి చూశాడు. దారం లాగినట్టు ఉంది. నలుపు తిరిగిన టేకు చేవ, అంత వెడల్పుది ఇప్పుడు అడవిలో కూడా దొరకదు.

తిరగెయ్యకముందే అదేమిటో అతనికి తెలిసిపోయింది. రెండు చివరలా ద్వారబంధం నిలువులు దిగే తొలులున్నాయి. పైకి తిప్పితే పసుపు, బెరడులా పేరుకుపోయి ఉంది. దాని మీద నల్లబడ్డ కుంకుమ బొట్లు. పాత ఇంటి సింహద్వారపు గడప.

అరుగు వైపు చూశాడు. జగన్నాథరావు రేడియోని చెవి దగ్గర పెట్టుకున్నాడు. సుబ్బాయమ్మ కళ్ళు వత్తుల మీద ఉన్నాయి. "గడపండి, తీసుకోనా?" అని కేకేస్తే వినపడేటంత దూరమే. నోటిదాకా వచ్చింది కూడా. అడిగితే ఏమంటారో తెలుసు గనక అడగలేదు. ఏదైనా తీసుకోమన్నారు గదా అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. మనసు నచ్చలేదు గాని ఒప్పుకుంది.

గడపని భుజాన వేసుకుని, పైన తాటి వాసం ముక్కలు రెండు కప్పుకుని, పెద్దవీధిన కాక పెరటి సందున పడి ఇంటికొచ్చాడు. దొంగతనం కాదు. కాని నడిచింది మాత్రం దొంగ నడకే.

* * *

రంపం తిన్నగా దిగింది. పాత చెక్కకి పంతం ఉండదు. అడుగు చెక్కకీ పై చెక్కకీ నిడివి చీల్చి తీశాక, అడ్డుకట్టకి ఒక ముక్క, ఇంకా ఒక మూరెడు తునక మిగిలాయి. పసుపు పేరుకున్న ముఖం ఆ తునక మీదా పై చెక్క మీదా ఉంది. బాడిశతో తడితే పసుపు పెచ్చులు పెచ్చులుగా లేచింది. పొర కింద పొర. ఏ పొర ఏ పండక్కి రాశారో, ఏ కోడలు రాసిందో. దేవానందం తువ్వాలు పచ్చబడింది. ముక్కులోకి వెళ్ళి తుమ్ము వచ్చింది.

"ఏంట్రా అది, పసుపు కొమ్ములు నూరుతున్నావా?"

తల్లి అక్కమ్మ కర్ర పోటేసుకుని పందిట్లోకి వచ్చింది. కాపురానికి వచ్చిన ఏడాది నించి మోకాళ్ళు పడిపోయేదాకా జగన్నాథరావు ఇంట్లో పని చేసిన మనిషి. ఇంట్లో అంటే ఇంట్లో కాదు. పేడకళ్ళెత్తడం, దొడ్డి ఊడవడం, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం. అరుగు మెట్ల దాకా చీపురు వెళ్ళేది, అక్కడ ఆగేది. మెట్లు దాటితే వేరే మనిషి, వేరే చీపురు.

ఆమె ముందు ఊరికే చూసింది. తరువాత కర్ర గోడకి ఆనించి, నేల మీద చెయ్యి ఊని కూలబడి, మిగిలిపోయిన తునకని దగ్గరికి లాక్కుంది. ఒక అంచున చిన్న సొట్ట ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"ఇత్తడి బిందె జారిపడి పడ్డ సొట్ట ఇది. పెద్దకోడలి చేతిలోంచి జారింది. నేను వాకిట్లో ఉన్నా. ఎన్ని తిట్లు తిన్నదో ఆ పిల్ల. ఇది అమ్మగారి గడప గదరా."

దేవానందం చిత్రిక బ్లేడు నూరుతున్నవాడు నూరుతూనే ఉన్నాడు.

అక్కమ్మ అరచెయ్యి మొత్తం ఆనించి ఆ పచ్చటి ముఖాన్ని ఒకసారి ఇటు నించి అటు తడిమింది. మళ్ళీ తడిమింది. ఆమె ముఖంలో భయం లేదు, భక్తీ లేదు. బజారులో తెచ్చిన సరుకు తేడాగా కనిపించినప్పుడు ఆడవాళ్ళు చూసే చూపు ఉంది.

"రోజూ చూసేదాన్ని. పొద్దున్నే ఎండ పడితే బంగారంలా మెరిసేది. నున్నగా ఉంటదనుకున్నా ఇన్నాళ్ళూ. గరుగ్గానే ఉందే."

ఆ మాటకి దేవానందం చెయ్యి ఆగింది. కొడుక్కి తల్లి మీద జాలి కలగడం కొత్త కాదు. ఇలాంటి జాలి కొత్త. ఒక వస్తువు నున్నగా ఉంటుందో గరుగ్గా ఉంటుందో తెలుసుకోవడానికి ఆమెకి జుట్టంతా నెరిసిపోవలసి వచ్చింది.

అంతలోనే అక్కమ్మకి భయం గుర్తొచ్చింది. చెయ్యి లాక్కుని చీరకి తుడుచుకుంది. "ఎందుకు తెచ్చావురా దీన్ని? ఇచ్చెయ్. పొద్దుగూకకముందే ఇచ్చెయ్."

"ఏదైనా తీసుకోమన్నాడమ్మా ఆయన."

"గడప తీసుకోమన్నాడా?"

కోసిన చెక్క మళ్ళీ అతకదు, అన్నాడు చివరికి. అక్కమ్మ లేచి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ ముక్కల్ని దాటి పోలేదు. పందిరి చుట్టూ తిరిగి, వానలో తడుస్తూ పోయింది.

* * *

బల్ల కుదిరింది. అడ్డుకట్టని మూలమట్టంతో చూసి, ఐమూల గీసి, మరలతో బిగించాడు. మెట్టు వెంట చిత్రిక జారడానికి చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్క రుద్దాడు. బద్ద చివర ఆనించి తోస్తే, ఉల్లిపొర లాంటి పొట్టు చుట్టచుట్టుకుని రాలింది. రెండు బద్దలు మూల కలిపి దీపం ముందు పట్టుకున్నాడు. వెలుతురు రాలేదు. రాత్రంతా వాన కురిసింది. పొద్దున బల్ల మీద మట్టంబద్ద ఆనించి చూశాడు. ఎక్కడిది అక్కడే, తపస్సు చేసుకుంటున్నట్టు. ఇరవయ్యేళ్ళ పనిలో అంత నమ్మకమైన వస్తువు అతని చేతికింద ఎప్పుడూ లేదు. ఆ సంతోషం అడుగున ఒక ముల్లు ఉంది, తోసినప్పుడల్లా గుచ్చుకుంటూనే ఉంది.

ముసురు వదిలేలోగా కిటికీలన్నిటి బద్దలూ ఊడదీసి, చివరలు సరిచేసి, మళ్ళీ బిగించాడు. జగన్నాథరావు వచ్చి జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. ఒక మూలలో పుల్ల గుచ్చాడు. పుల్ల విరిగింది. ఇంకో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడా విరిగింది.

"ఊఁ," అన్నాడు. విరిగిన పుల్ల పారేసి, మంచి పుల్లతో సిగరెట్టు వెలిగించుకున్నాడు. ఆ "ఊఁ" దేవానందానికి చాలు. అంతకన్నా ఎక్కువ ఆ నోటివెంట రాదని తెలుసు.

సరిగ్గా అప్పుడే భద్రాచారి గుమ్మం దగ్గర్నుంచి కేకేశాడు. "అయ్యగారూ, గచ్చువాళ్ళు సిద్ధంగా ఉన్నారు. పాత గడప ముక్క ఇప్పిస్తే పెట్టేస్తాను."

ద్వారబంధం మాఘంలోనే ఎత్తారు. కొత్త గడప కింద జానెడు సందు మాత్రం గచ్చు పని దాకా వదిలేశారు. పాత గడప ముక్క ఒకటి కొత్త గడప కింద పెట్టి గచ్చు చేయించడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ సంగతి సుబ్బాయమ్మకి తెలుసు, భద్రాచారికి తెలుసు. జగన్నాథరావుకీ ఒకప్పుడు తెలిసే ఉండాలి. పర్మిట్ల గొడవలో మరిచిపోయాడు. దేవానందానికి తెలియదు. ఆ గడప కింద ఏముందో చెప్పేటంత దగ్గరికి అతని వాళ్ళనెవరూ రానివ్వలేదు.

పాలేర్లు కుప్ప అంతా తిరగేశారు. వాళ్ళలో ఒకడు చుట్ట నోట్లోంచి తీసి, "దేవానందం భుజానేసుకుని సందున పోతుంటే చూశానండి," అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు. "మీరే ఏదైనా తీసుకోమన్నారండి. బల్ల చేశాను. ఆ బల్ల మీదే ఈ కిటికీలు..."

"నేను వాసం ముక్కలేరుకోమన్నా గాని గడప మోసుకుపొమ్మన్నానా?" జగన్నాథరావు ముఖం ఎర్రబడింది. తన మతిమరుపు నలుగురిలో బయటపడేటప్పుడు పెద్దమనిషికి వచ్చే కోపం మామూలు కోపం కాదు. "దొంగతనం చేసి మళ్ళీ నా మీదికే తోస్తున్నావా? దొంగ ముక్కతో నా కిటికీలు బాగుచేశావా? రేపు పొద్దుటికి అది నా వాకిట్లో ఉండాలి. లేకపోతే పోలీస్టేషను ఎంత దూరమో నీకు తెలుసు."

దేవానందం సావిడి అరుగు కేసి చూశాడు. సుబ్బాయమ్మ అక్కడే ఉంది. వత్తి చేస్తున్న వేళ్ళు తొడ మీద ఆగిపోయాయి. "ఏదైనా తీసుకో" అన్న మాట ఆమె విన్నది. విన్నదని అతనికి తెలుసు, అతనికి తెలుసునని ఆమెకీ తెలుసు. ఆమె దూది ఇంకొంచెం తుంపి, వేళ్ళకి విభూది అద్దుకుని, మళ్ళీ వత్తి చేయడం మొదలుపెట్టింది.

భద్రాచారి సందు మలుపు దాకా కూడా నడిచాడు. "తెలిసే తీశావా?" అన్నాడు మెల్లగా.

"తెలిసే తీశానండి."

"ఆ కుప్పలో ఇంకేముందిలే గనక." కాసేపు నడిచి, "ఒక్క మాట అడగాల్సిందోయ్," అన్నాడు.

"అడిగితే ఇచ్చేవారాండి?"

భద్రాచారి ముక్కుపొడుం డబ్బీ తీశాడు, మూత తియ్యకుండానే మళ్ళీ రొండిన పెట్టుకున్నాడు. అక్కణ్ణించి వెనక్కి తిరిగిపోయాడు.

* * *

"ఇవ్వొద్దు," అంది హన్నమ్మ. "ఆయన నోటితో ఆయనే ఇచ్చాడు. ఇస్తే దొంగతనం ఒప్పుకున్నట్టే."

ఇవ్వకపోతే ఈ ఊళ్ళో నాకు పని ఎవడిస్తాడే, అన్నాడు దేవానందం. ఇస్తే మాత్రం ఎవడిస్తాడు, అంది ఆమె. రెండూ నిజమే. అక్కమ్మ మూల కూర్చుని అంతా విన్నది. ఇచ్చెయ్ అని మొదట అన్నది ఆమే. ఇప్పుడు ఏమీ అనలేదు. పొద్దున కొడుకు బల్లనీ తునకనీ గోనెపట్టాలో చుట్టి నెత్తినెత్తుకుంటే, కర్ర తీసుకుని వెనకాలే బయల్దేరింది.

"నువ్వెందుకే అమ్మా?"

"నడువు."

వాకిట్లో బురద. కొత్త గుమ్మం ముందు గచ్చువాళ్ళు సిమెంటు కలిపి సిద్ధంగా ఉన్నారు. కొత్త గడప కింద సందు నోరు తెరుచుకుని ఉంది. ఇన్నాళ్ళూ దేవానందం ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాడు, వచ్చాడు. చెమట తుడుచుకుంటూ వసారాలో కూర్చున్నాడు. గచ్చు పూర్తయి గడపకి పసుపు రాశాక వెళ్ళడు. ఇల్లు కట్టేటప్పుడు లేని మైల కట్టాక ఎక్కణ్ణించి వస్తుందో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు.

గోనె విప్పి బల్లని నేల మీద పెట్టాడు. భద్రాచారి వంగి చూశాడు. పై చెక్క మీద వేలు నడిపించాడు, అడ్డుకట్ట దగ్గర ఆపాడు. అతని కళ్ళలో ఒక్కసారి పనివాడి వెలుగు వచ్చి పోయింది. "తునక చాలదు గాని, మరలు విప్పితే అడుగు చెక్క పనికొస్తుందండి," అన్నాడు జగన్నాథరావుతో.

జగన్నాథరావు బల్ల చుట్టూ తిరిగాడు. "ఈ తెల్లదేంట్రా?"

"మైనమండి. కొవ్వొత్తి."

"చర్చి కొవ్వొత్తా?"

"అవునండి."

"చూశారా," అన్నాడు జగన్నాథరావు అందరి వైపూ తిరిగి. "ఇన్ని రోజులు వాళ్ళ పేటలో పడుంది. కోశాడు, చెక్కాడు, చర్చి మైనం పూశాడు. దీన్ని తీసుకొచ్చి నా గడప కింద పెట్టుకోమంటారా? ఇదింకెందుకు పనికొస్తుంది? తీసుకెళ్ళి కట్టలేరు ఏట్లో పారెయ్. ఆచారీ, ఒక కొత్త ముక్క చూడు."

దేవానందం అలా నిలబడిపోయాడు. నిన్న దొంగ సొమ్ము, ఇవాళ మైల సొమ్ము. వాళ్ళకి అక్కర్లేదు. తన దగ్గర ఉండకూడదు, అంతే. బల్లని ఎత్తడానికి వంగాడు.

"అమ్మగారూ."

అక్కమ్మ గొంతు. వాకిలి మధ్య కర్ర మీద రెండు చేతులూ ఊని, సావిడి అరుగు కేసి చూస్తోంది. అరుగు మీద సుబ్బాయమ్మ తలెత్తింది. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే. ఒకే ఏడాది ఈ ఊరికి కాపురానికి వచ్చారు. ఇన్నేళ్ళలో అమ్మగారు అక్కమ్మని ఎన్నో అడిగింది: పేడ ఎత్తావా, కుడితి పెట్టావా, ఇంత ఆలస్యమేం. అక్కమ్మ అమ్మగారిని ఏదీ అడిగి ఎరగదు.

"మా వాడు చెక్క అడిగిననాడు తమరు అక్కడే కూర్చున్నారంట. బాబుగారు ఏదైనా తీసుకోమన్నారా, లేదాండి?"

తాపీవాడి పార సిమెంటులో ఆగింది. జగన్నాథరావు, "ముసలిదానా, నీకేమన్నా..." అని మొదలుపెట్టి, తల్లి ముఖం చూసి ఆగిపోయాడు.

సుబ్బాయమ్మ ఒళ్ళో దూది అంతా ఒక పక్కకి పెట్టింది. కొడుకు వైపు చూడలేదు. దేవానందం వైపూ చూడలేదు. అక్కమ్మ పాదాల కేసి, బురదలో దిగబడ్డ ఆ పాదాల కేసి చూసింది.

"అన్నాడు," అంది.

ఒక్క మాటే. పెద్దగా అనలేదు గాని అందరికీ వినపడింది. ఆ వెంటనే ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఒళ్ళోంచి జారిన వత్తి ఒకటి చూరునీళ్ళలో పడింది.

"అయితే ఇది మాదేనండి," అంది అక్కమ్మ, ఎవరితోనో కాదు, మామూలుగా. "మీకొద్దన్నారు. ఇచ్చామన్నారు. ఏట్లో పారెయ్యడం దేనికి?" కర్రని కొడుక్కిచ్చి, తునకని తానే ఎత్తి చంకన పెట్టుకుంది. "బల్ల ఎత్తుకో."

జగన్నాథరావు గచ్చువాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "చూస్తారేంట్రా? సిమెంటు గట్టిపడిపోతోంది." క్షమించమని ఆయన అనలేదు. అంటాడని ఎవరూ అనుకోలేదు. కాని దొంగ అన్న మాట కూడా మళ్ళీ అనలేదు. వాళ్ళు వాకిలి దాటుతుంటే వెనక భద్రాచారి గొంతు మాత్రం వినపడింది. "దేవానందం, ఆ ఐమూల అడ్డుకట్ట ఎలా గీశావో ఒకసారి వచ్చి చూస్తానోయ్."

* * *

మరునాడు వాన తెరిపిచ్చింది. దేవానందం బల్లని మళ్ళీ పందిట్లో పెట్టి మట్టం చూశాడు. అన్ని మోతలు మోసినా అది ఉలకలేదు. తునక ఒకటి మూల పడి ఉంది, ఒక ముఖం ఇంకా పచ్చగా.

"దీన్నేం చెయ్యమంటావే అమ్మా? పొయ్యిలో పెట్టనా?"

హన్నమ్మ చటుక్కున అత్త ముఖం చూసింది. గడప చెక్కని పొయ్యిలో పెట్టడానికి ఏ మతం వాళ్ళకైనా చెయ్యి రాదు. అక్కమ్మ ఆలోచించింది.

"నాకో పీట చెయ్యి," అంది. "కింద కూర్చుంటే లేవలేకపోతున్నా."

గడప మీద కూర్చోకూడదురా అని చిన్నప్పుడు తనని లాగి లేపిన చెయ్యి ఎవరిదో దేవానందానికి గుర్తుంది. అది ఈమె చెయ్యే. పేటలో వాళ్ళ ఇంటికి చెప్పుకోదగ్గ గడపే లేదు, అయినా లాగేది. అతను తునకని బల్ల మీద అడ్డుకట్టకి ఆనించి, రెండు చివరలూ సరిచేశాడు. తరువాత పచ్చటి ముఖాన్ని పైకి తిప్పి చిత్రిక పట్టాడు. మొదటి పొట్టు పసుపు, రెండోది గోధుమరంగు, ఆ తరువాత నల్లటి చేవ. బిందె సొట్ట దగ్గర చిత్రిక ఆపి తల్లి కేసి చూశాడు. ఉండనీ, అన్నట్టు ఆమె తలూపింది. కింద రెండు కాళ్ళు బిగించి ఇచ్చాడు.

అక్కమ్మ పీటని పొయ్యి దగ్గర వేసుకుంది. చేట అందుకుని, కూర్చోబోయే ముందు ఒక్క క్షణం తటపటాయించింది. ఆ తటపటాయింపు చూడలేక దేవానందం తల తిప్పుకున్నాడు. మళ్ళీ చూసేసరికి ఆమె కూర్చుని ఉంది, కాళ్ళు బారజాపుకుని, బియ్యంలో రాళ్ళేరుతూ. ఒక చెయ్యి చేటలో ఉంది. రెండో చెయ్యి పక్కన పీట అంచు మీద మెల్లగా ఇటూ అటూ తిరుగుతోంది.

"ఇప్పుడు నున్నగా ఉందిరా," అంది.